బడిపుస్తకంలో శరీరం

కావ్యాలనూ నవలలనూ విమర్శించే మనం బడిపుస్తకాన్ని విమర్శకు తగిన రచనగా ఎంచం. పార్వతీపురంలో యెనిమిదో తరగతికి జీవశాస్త్రం చెబుతూ నేను గ్రహించిన విషయమేమంటే, సమాజం తన పిల్లలతో యే సత్యం చెప్పడానికి జంకుతుందో ఆ పుస్తకమే పట్టిస్తుంది.

నేను చెప్పిన కౌమారదశ పాఠంలో శాస్త్రం వుంది. గ్రంథులూ, హార్మోనులూ వున్నాయి. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేక వై క్రోమోజోము అని వుంది. ఆడపిల్లను కన్నదని కోడలిని ఆడిపోసుకునే అత్తలకు యింతకన్న గట్టి సమాధానం లేదు. కాని "ద్వితీయ లైంగిక లక్షణాలు" అంటే సవర పిల్లకు యేమి బోధపడుతుంది? ఆమె యింటి భాష తెలుగే కాదు. ముండా కుటుంబానికి చెందినది. గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చి, సవరలకు బడులు పెట్టి, 1931లో దాని వ్యాకరణం ప్రకటించాడు. అర్థంకాని భాషలో చెప్పిన చదువు చదువు కాదన్నదే ఆయన జీవితకాలపు వాదం. నేను మాత్రం మొదటి యేడు సంస్కృత పదాల చాటున దాక్కుని ఆ పాఠం ముగించాను. సిగ్గు నాది, నష్టం పిల్లలది.

యిటువంటివి చెప్పడం మన సంప్రదాయం కాదనేవారు "కన్యాశుల్కం" 1897 ముద్రణకు గురజాడ రాసిన పీఠిక చూడాలి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన లెక్కలు అందులో వున్నాయి. మూడేళ్ళలో 1034 శుల్కవివాహాలు. వధువులలో ముగ్గురికి యేడాది వయస్సు! ఆడపిల్ల శరీరానికి ధర కట్టడానికి సిగ్గుపడని లోకం, ఆ శరీరం సంగతి ఆమెకు చెప్పడానికి సిగ్గుపడింది. యీ సిగ్గుకు వర్గస్వభావం కూడా వుంది. డబ్బున్న యింటి బిడ్డకు సందేహం వస్తే డాక్టరున్నాడు. ఆశ్రమ పాఠశాల బిడ్డకు మాస్టారు నోరు మూసుకుంటే మరో దారి లేదు.

మరో లోపం: పాఠం బాలుడు, బాలిక అనే రెండు మూసలతో ఆగిపోతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను సుప్రీంకోర్టు 2014లో గుర్తించింది. అటువంటి పిల్లలను బడిలో కలుపుకోవడానికి ఎన్‌సిఇఆర్‌టి 2021లో తయారుచేసిన ఉపాధ్యాయుల కరదీపిక, అభ్యంతరాలు రాగానే వెబ్‌సైటు నుంచి మాయమయింది. ప్రకృతిలో వున్న వైవిధ్యం పుస్తకంలో లేకపోతే తప్పు ప్రకృతిదా, పుస్తకానిదా?

పుస్తకం మారేదాకా ఆగనక్కరలేదు. ఆడా మగా పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ మాటల్లో, యే బిడ్డ శరీరమూ తప్పు కాదని చెప్పవచ్చు. యీ యేడు నేనలాగే చెప్పాను. మొదటి ప్రశ్న వెనక బల్లనుంచి వచ్చింది.