బృహన్నలకు ఒక గొంతు, అర్జునుడికి ఒక గొంతు

1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్.టి.రామారావుకు మూడు గొంతులున్నాయి. మాటలు ఆయనవే. ఉత్తరకు నాట్యం నేర్పే పాటలో బృహన్నల గొంతు మంగళంపల్లి బాలమురళీకృష్ణది, జతగా పాడింది బెంగుళూరు లత. అదే మనిషి జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపుకొని కౌరవసేన ముందు నిలబడేసరికి గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావుది అయిపోతుంది. థియేటర్లో ఎవరికీ అది అతుకులా తోచదు. సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి పనితనానికి నా మొదటి నమస్కారం ఇక్కడే. బాలమురళి గళంలో బరువు లేదు, తేలుతుంది, సంగతి మీద సంగతి ఒలికిపోతుంది. నాట్యాచార్యుడికి కావలసిందీ అదే. ఘంటసాల గళంలో నిండుతనం, కింది నుంచి లేచే ఒక గద్దింపు ఉంటాయి. విల్లు పట్టినవాడికి అది కావాలి. వేషం మారిందని చెప్పే పనిని గొంతుకే అప్పగించారు సుసర్ల.

పవర్ మెటల్ అనే రాక్ సంగీతం వినే కుర్రకారుకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఆ సంగీతంలో గొంతు ఎంత ఎత్తుకు లేస్తుంది, వాద్యాల హోరులో నిలుస్తుందా మునుగుతుందా అన్నదే ఎడతెగని తగువు. జర్మనీ బృందం హెలోవీన్ 1985లో తెచ్చిన తొలి ఆల్బంలో గిటారిస్టు కై హాన్సెన్ తానే పాడాడు. గరుకు గొంతు. తర్వాత మైకేల్ కిస్కె అనే కుర్రాడు వచ్చాడు, 1987లో ‘కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్’ మొదటి భాగం వెలువడింది. బృందం అదే, గిటార్లు అవే. గొంతు మారేసరికి సంగీతం తీరే మారిపోయింది. 2002లో బ్లైండ్ గార్డియన్ బృందం తెచ్చిన ఆల్బం ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ది ఇంకో కథ. గాయకుడు హాన్సీ క్యూర్ష్ గొంతు మీద గొంతు, పొర మీద పొర పేర్చి ఒక బృందగానపు కోటే కట్టారు. గొప్ప పనే, కాదనను. అయితే ఆ కోటలో ఏ గది ఎక్కడుందో తెలియక తిరిగినవాళ్లు చాలామంది. అన్నీ ఒకేసారి వినిపిస్తే ఏదీ వినిపించదన్న ఫిర్యాదు ఆ ఆల్బం మీద ఇప్పటికీ ఉంది. నాకూ ఉంది.

ఇప్పుడు ‘నర్తనశాల’ గోగ్రహణం ఘట్టానికి రండి. ప్రగల్భాలు పలికి వచ్చిన ఉత్తరకుమారుడు, అంటే రేలంగి, శత్రుసేనను చూడగానే బెంబేలెత్తిపోయాడు. వాడికి అర్జునుడు ఎదుటివాళ్లలో ఎవరెవరో చూపించాలి. తిక్కన విరాటపర్వంలో దీనికి ఒక సీసపద్యం రాశారు, సినిమాలో ఘంటసాల పాడింది దాన్నే. జెండాలను బట్టి మనుషులను గుర్తుపట్టే పద్యమిది. బంగారు వేదిక గుర్తున్న జెండా ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, బంగారు వృషభం కృపుడిది, శంఖం కర్ణుడిది. నాలుగు పాదాల్లో నలుగురు. కింది గీతంలో సర్పధ్వజుడు దుర్యోధనుడు, చివరికి తాటిచెట్టు జెండాతో భీష్ముడు. బాగా చూసి గుర్తుపెట్టుకో అన్న మాటతో పద్యం ముగుస్తుంది.

పాడేవాడికి ఇందులో ఉన్న చిక్కు చూడండి. సీసపాదం అంటే ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. తెలుగు ఛందస్సులో పొడవైన పాదాల్లో ఒకటి. దానికి తోడు తిక్కన ఇక్కడ సంస్కృత సమాసాలు గుప్పించారు. జెండా వర్ణనంతా ఒక్క బిగిలో సాగి, ఎవరి జెండానో పాదం చివర తేలుతుంది. మధ్యలో ఊపిరి తప్పుచోట తీస్తే సమాసం విరుగుతుంది. పాదం చివర ఊపిరి చాలకపోతే అసలు పేరే నలిగిపోతుంది. భయంతో వణుకుతున్న కుర్రాడికి చెబుతున్న మాట కాబట్టి పేరు నలగడానికి వీల్లేదు.

ఘంటసాల ఏం చేశారో ఒక్కసారి కళ్లు మూసుకొని వినండి. సమాసాన్ని అర్థం ఎక్కడ మలుపు తిరుగుతుందో అక్కడే విరిచారు, గణం ఎక్కడ ముగుస్తుందో చూసి కాదు. ఒత్తులు ఒక్కటీ జారలేదు. రాగం ఉంది, కానీ అక్షరం పూర్తయ్యాకే గమకం మొదలవుతుంది. గమకం కోసం అక్షరం ఆగదు. విజయనగరం సంగీత కళాశాల, పట్రాయని సీతారామశాస్త్రి గురుత్వం ఇచ్చిన శాస్త్రీయ శిక్షణ ఆయనకు బోలెడు ఉంది. ఉన్నదంతా ఇక్కడ కుమ్మరించకపోవడమే ఆయన పనితనం.

సినిమాకు ముందు పద్యం అంటే నాటకం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి వారి ‘సత్య హరిశ్చంద్రీయం’, హార్మోనియం, తెల్లవార్లూ జనం. మైకు లేని రోజుల్లో చివరి వరసదాకా గొంతు చేరాలంటే పెద్ద శ్రుతి తప్పదు. పద్యం ముగిసినా రాగం ముగియదు. తారస్థాయిలో నిలబెట్టి సాగదీస్తే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి కృష్ణ పాత్రధారులు పెరిగిన గాలి అది. ఆ రాగాలాపనను చిన్నచూపు చూడను. కిస్కె కేకకు పరవశించేవాళ్లు ఆ తారస్థాయికీ పరవశించి తీరతారు. కాకపోతే మైకు వచ్చాక చివరి వరస నోటి ముందుకే వచ్చేసింది. ఆ సంగతి ముందుగా గ్రహించి పద్యాన్ని దానికి తగ్గట్టు మలిచినవారు ఘంటసాల. రాగం కుదించి మాటను ముందుకు జరిపారు. నాటక పద్యమే అసలు పద్యమనీ, సినిమా పద్యం పలచబడిందనీ వాదించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఈ తగువులో నేను ఘంటసాల పక్షం.

రికార్డింగ్ సంగతి కూడా చెప్పాలి. ఆ కాలంలో మద్రాసు స్టూడియోల్లో గాయకుడూ వాద్యబృందమూ ఒకేసారి వాయించి పాడేవారు. ఎవరు తప్పినా మళ్లీ మొదటికి. ఇప్పటిలా గొంతును విడిగా తీసుకొని, తర్వాత బల్ల ముందు కూర్చొని పెంచి తగ్గించే వీలు లేదు. ఎవరు మైకుకు ఎంత దూరంలో కూర్చున్నారు అన్నదే చాలావరకు మిక్సింగ్. పైగా సినిమా రీలు అంచున ముద్రించే ఆప్టికల్ ట్రాక్ మరీ సన్నటి ధ్వనులనూ, మరీ లోతైన ధ్వనులనూ సరిగా మోయలేదు. మిగిలేది మధ్యస్థాయి, మనిషి మాట బతికే చోటు. అందుకే ఆనాటి వాళ్లు గొంతును నట్టనడుమ నిలిపి వాద్యాలను వెనక్కి జరిపారు. లోపంలోంచి పుట్టిన పద్ధతే, కానీ పద్యానికి అంతకన్నా మంచి పద్ధతి తర్వాతా రాలేదు.

నడిగూడెం లాంటి ఊళ్లలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నడిగూడెం ఉన్న మునగాల పరగణా, చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, పాలనలో కృష్ణా జిల్లాలో భాగంగా ఉండి, 1959లో నల్లగొండలో కలిసింది. అటు బెజవాడ నాటకం, ఇటు నల్లగొండ చిందు భాగవతం. రెండూ బయలులో గొంతు చించుకునే కళలే. పండక్కీ పెళ్లికీ చెట్టుకు కట్టిన బూరమైకులోంచి ఘంటసాల పద్యం పొలాల దాకా వినిపించేది, మాట మాటా తెలిసేది. బూర కూడా మధ్యస్థాయినే మోస్తుంది, బేసు దానికి చేతకాదు. మోనో పద్యానికీ బూరకూ అలా జత కుదిరింది. బ్లైండ్ గార్డియన్ పాటను అదే బూరలో వేస్తే డబుల్ బేస్ డ్రమ్ములు మాయమై, ఆ పొరలన్నీ కలిసి ఒక్క గోల మిగులుతుంది. అది ఆ సంగీతం తప్పు కాదు, అది హెడ్‌ఫోన్ల కోసం పుట్టింది.

2010లో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ ‘మాయాబజార్’కు రంగులద్ది, మోనో ధ్వనిని డీటీఎస్‌కు మార్చి విడుదల చేసినప్పుడు ఈ చర్చే మళ్లీ రేగింది. శబ్దం నాలుగు దిక్కుల నుంచీ రావడం మాయాజాలం సినిమాకు నప్పుతుంది, ఘటోత్కచుడికి ఆ హంగు తగినదే. పద్యానికి మాత్రం దిక్కు ఒక్కటే, ఎదురుగా. ఎవరైనా రేపు ‘నర్తనశాల’ను పట్టుకుంటే గుర్రాల డెక్కలను ఎటు తిప్పినా సరే, అర్జునుడి గొంతును నడుమ నుంచి కదపవద్దు.

ఇంత పెద్ద మాటలెందుకు, మన దగ్గరి సంగతే ఒకటుంది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఇప్పటికీ పద్యనాటకాలు వేస్తున్నారు, ఏకపాత్రాభినయాలు చేస్తున్నారు. పాడేవాడు నోరు తెరవగానే మైకు సెట్టు కుర్రాడు ఎకో బటన్ తిప్పేస్తాడు. అక్షరం మీద అక్షరం పడి సమాసం మొత్తం ముద్దైపోతుంది, చప్పట్లు మాత్రం మోగుతాయి. మైకు సెట్టు అన్నలకు ఒక్కటే మనవి: సినిమా పాటకు ఎంతైనా పెట్టుకోండి, పద్యం మొదలవగానే ఆ ఎకో పూర్తిగా తీసేయండి.