ఎసట్లో పడకముందే పిడికెడు

మిర్చి ఏరే రోజుల్లోనే మాకు శ్రమ దినాలు వస్తాయి. భస్మ బుధవారం మొదలు ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. టేకులపల్లి చుట్టూ ఉన్న గూడేల నుంచి, తండాల నుంచి తెల్లారకముందే ఆటోలు కూలీలతో కిక్కిరిసి బయల్దేరతాయి. పొద్దంతా నడుం వంచి మిర్చి ఏరిన ఆడవాళ్లే రాత్రి ఏడింటికి ఉపవాస ప్రార్థనకు వచ్చి చాపల మీద కూర్చుంటారు. ఎంత కొబ్బరినూనె రాసుకున్నా చేతుల మంట పోదు. ప్రార్థనలో చేతులు జోడించినప్పుడు వేలికి వేలు తగలకుండా ఎడంగా పెట్టుకుంటారు. కన్నీళ్లొస్తే కొంగుతో అద్దుకుంటారు తప్ప చేత్తో తుడుచుకోరు.

అలాంటివాళ్ల ముందు మైకు పట్టుకుని, శరీరాన్ని నలగ్గొట్టుకోవాలని, తిండీ నిద్రా మానుకున్నవాళ్లే ఆత్మలో ఎదుగుతారని గంటసేపు చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను. మనసొప్పక విన్నాను. పగలంతా నలిగి వచ్చిన దేహాన్ని ఇంకా నలగ్గొట్టమని దేవుడు అడుగుతాడా? పైగా ఏ పౌలు పేరు చెప్పి ఆ మాట అంటున్నారో, ఆ పౌలు ఉద్దేశం అది కాదు.

గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో శరీరకార్యాల పట్టిక ఉంది. మన తెలుగు బైబిల్లో లెక్కపెడితే పదిహేను. జారత్వం ఉంది, విగ్రహారాధన ఉంది, తాగుడు ఉంది. కానీ పదిహేనింటిలో ఎనిమిది మనిషికీ మనిషికీ మధ్య నడిచేవి: ద్వేషం, తగాదా, ఓర్వలేనితనం, కోపం, కక్ష కట్టడం, విడగొట్టడం, వర్గాలు చేయడం, అసూయ. మంచంలో పడి లేవలేని మనిషి కూడా కక్ష పెంచుకోగలడు. కాబట్టి పౌలు తప్పుపట్టింది ఈ ఎముకల్నీ కండల్నీ కాదు. నేను, నాది, నాకే అంటూ మనిషి తనలోకి తాను ముడుచుకుపోయే తీరును. ఈ దేహాన్నయితే ఆయనే మరోచోట దేవుని ఆలయమన్నాడు. కాడికి అలవాటు చేసే కోడెను ఏ రైతూ పస్తులుంచి చంపుకోడు. మేత వేసి, నీళ్లు పెట్టి, రోజూ కాసేపు కాడి మోపి దారిలోకి తెచ్చుకుంటాడు.

మా సంఘాల్లో తాగుడు మానినవాణ్ని సాక్ష్యం చెప్పమని లేపుతాం. లేపాల్సిందే. ఇప్పసారా, బెల్టుషాపూ కలిసి ఈ అడవి పల్లెల్లో ఎన్ని కాపురాలు కూల్చాయో చూసినవాణ్ని, తాగుడు మానడం చిన్న సంగతని అనను. అయితే అన్నతో గట్టు తగాదా మానుకున్న తమ్ముణ్ని సాక్ష్యం చెప్పమని లేపగా నేను చూడలేదు. పెద్ద ఊరు కాకపోయినా మూడు నాలుగు మందిరాలు ఎందుకు లేచాయో అడిగితే చాలాచోట్ల సిద్ధాంతం దగ్గరికి పోనక్కర్లేదు. ఎవరు ఎవరి మాట వినలేదన్న దగ్గరే కథ తెలిసిపోతుంది. దాన్ని శరీరకార్యం అనడానికి మాకు నోరు రాదు.

మరి అదే అధ్యాయంలో పౌలు చెప్పిన ఆత్మానుసారంగా నడవడమంటే ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే, నేను చూపించేది ప్రార్థనలో ఊగిపోయేవాళ్లను కాదు. పిడికెడు బియ్యం తీసే ఆడవాళ్లను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. అన్నం వండబోయే ముందు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతారు. కడగకముందే అందులోంచి పిడికెడు తీసి పక్కన ఉన్న ముంతలోనో డబ్బాలోనో వేస్తారు. కడిగాక తీస్తే నిలవ ఉండదు, అందుకని ముందే. అలా పూటపూటా. పురుగు పట్టకుండా రెండు ఎండుమిరపకాయలో, ఎండిన వేపాకో వేస్తారు. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో తెచ్చి మందిరంలో ఉన్న గంపలో పోస్తారు. పాస్టరు అయ్యగారి కుటుంబానికి కొంత, ఊళ్లో దిక్కులేనివాళ్లకు కొంత. అంతే. దీనికి పాట లేదు, డప్పు లేదు, ఎవరూ చూడరు. చాలా ఇళ్లలో మగవాళ్లకు ఆ డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు.

ఈ పద్ధతి మా వైపు పల్లె సంఘాల్లో ఇంతగా నాటుకుపోవడానికి కారణం దోర్నకల్. ఇల్లందు దాటి వెళ్తే మాకు అదేమంత దూరం కాదు. తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడ మిషనరీగా స్థిరపడ్డారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆ దోర్నకల్లోనే ఉన్నారు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటినీ పల్లెను పట్టిన దయ్యాలుగా చూసి, జీవితమంతా వాటితో పోరాడారు. ఆ నాలుగింటినీ ఒకచోట పెట్టి చూడండి. దేహాన్ని అసహ్యించుకునే ఆధ్యాత్మికత అయితే రోగం గురించి, మురికి గురించి పట్టించుకునేదా? ఆయనకు ఆత్మలో నడవడమంటే పిల్లవాడి పుండు కడగడం కూడా. వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చి తలెత్తుకోవడం కూడా.

అజరయ్య సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. దొర కల్లంలో తూర్పారబట్టి, దొర కొలిచి పోసినంత కొంగులో పట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లను కానుకలివ్వమని అడగడం క్రూరత్వం కాదా అని ఇప్పటివాళ్లు అనొచ్చు. నేనూ చాలాకాలం దాని గురించి ఆలోచించాను. బిషప్పు అడిగింది డబ్బు కాదు, వాళ్ల ఇంట్లో ఉన్నదాంట్లోంచి పిడికెడు. అడిగింది కూడా, ఇతరుల ముందు చెయ్యి చాపడమే తప్ప ఇవ్వడమన్నది వాళ్లను ఎరగనివ్వని ఊళ్లల్లో. ఇచ్చే చెయ్యి నాది అన్న ఎరుక ఆ ఇంటి ఆడమనిషికి పూటపూటా కలిగింది. ఆత్మ మనిషిని వంచదు, నిటారుగా నిలబెడుతుంది అనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం దొరకలేదు.

ఇంకో సంగతి. ఇది తెల్లవాళ్లు తెచ్చిపెట్టిన అలవాటని అనేవాళ్లున్నారు. మా కోయ గూడేల్లో కొత్త పంటను పండుం అనే పండుగ చేసి వేల్పులకు పెట్టకుండా నోట పెట్టుకోరు. ముందు తీసిపెట్టి తర్వాత తినడం ఈ మట్టికి కొత్తేం కాదు. కోయ ఇళ్ల నుంచి విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు పిడికెడు బియ్యం గురించి ఎవరూ వివరించాల్సిన పని పడదు. పంటకోసారి చేసేదాన్ని పూటకోసారి చేయడమే వాళ్లకు కొత్త.

కష్టమంతా పూటపూటా చేయడంలోనే ఉంది. పంటలు ఇంటికి వచ్చిన జనవరిలో పిడికిలి దానంతట అదే విచ్చుకుంటుంది. ఆగస్టులో చూడాలి. పత్తికి మందుల అప్పు, పిల్లల ఫీజులు, వానకు కూలి దొరకని దినాలు. అప్పుడు అదే పిడికిలి తెలియకుండానే బిగుసుకుంటుంది. తీసేది పిడికెడే, కానీ వేళ్ల సందుల్లోంచి ఎన్ని గింజలు తిరిగి చేటలోకి జారాయో చేతికి తెలుస్తుంది. శరీరానికీ ఆత్మకూ పోరాటమని పౌలు అన్నది ఆ చేటలో జరుగుతుంది. మా వీధిలో ఒకింట్లో కోడలు అత్తతో అంటుండగా విన్నాను:

"అత్తా, ఇయ్యాల వద్దులే. ఉన్నదే సోలెడు."

"ఉన్నదాంట్లో తియ్యమన్నడు గానీ లేనిదాంట్లో తెమ్మన్నడా? నా చెయ్యి పెద్దది. నువ్వు తియ్యి, నీ పిడికిలి చిన్నది."

ఆ పెద్దావిడ నియమం తప్పలేదు, కోడలి ఆకలినీ కాదనలేదు. పౌలు అదే అధ్యాయంలో ఆత్మఫలమన్న నిగ్రహమూ దయా రెండూ ఒకే మాటలో ఇమిడాయి. ఆత్మఫలం గురించి నేను విన్న ప్రసంగాలన్నింటికన్నా ఆ మాట నాకు ఎక్కువ నేర్పింది.

అలాగని ఇవ్వడమంతా ఆత్మ పనే అనుకోకూడదు. కోత పండుగ చూస్తే తెలుస్తుంది. ఆ రోజు గుమ్మడికాయలు, కంది, జొన్న, నాటుకోళ్లు, గుడ్లు, ఎవరికి ఉన్నవి వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఒక ఏడాది ఒక నాటుకోడి మీద పాట మొదలైంది. మూడొందల నుంచి అయిదొందలు, ఎనిమిదొందలు. పాడుతున్నది ఇద్దరే. పక్కపక్క చేలవాళ్లు, గట్టు దగ్గర రెండేళ్లుగా మాటల్లేవు. పాట రెండువేలు దాటేసరికి జనం చప్పట్లు, ఈలలు. సంఘానికి డబ్బొస్తోంది కదా అని కమిటీవాళ్ల ముఖాలు వెలిగాయి. అయ్యగారు లేచి మైకు తీసుకున్నారు. "ఈ కోడి మీద పాట ఇక్కడితో ఆపుతున్నా. దీన్ని తెచ్చిన అమ్మకే తిరిగి ఇస్తున్నా. మీరిద్దరూ నాతో లోపలికి రండి" అన్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఆ సాయంత్రం కమిటీలో కొందరు అయ్యగారి మీద అలిగారు, రెండువేలు పోయాయని. నా దృష్టిలో ఆ ఏడాది పండుగలో దేవుడికి నిజంగా అందిన కానుక ఆ ఆపేసిన పాటే. ఒకే చెయ్యి, ఒకే నోటు, ఒకే మందిరం. కక్షతో ఇస్తే శరీరకార్యం, ప్రేమతో ఇస్తే ఆత్మఫలం. బయట నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు, అందుకే ఇచ్చేవాళ్లు తమను తాము అడుగుతూ ఉండాలి.

మిజోరంలోనూ ఇదే పద్ధతి ఉంది. బుహ్ఫాయ్ థామ్ అంటారు, 1910 నుంచి నడుస్తోంది. ఇప్పుడు ఆ పిడికిళ్ల విలువ ఏటా కోట్లలో ఉంటుంది; దానితో మిషనరీలను పంపుతారు. అది చదివి మన సంఘాలు కూడా అంత వసూలు చేయాలని ఉత్సాహపడేవాళ్లతో నాకు పేచీ. పౌలు యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు, వారం వారం ఇంట్లోనే కొంత తీసిపెట్టుకోమని కొరింథువాళ్లకు చెప్పాడు. నిరుపేదలైన మాసిదోనియ సంఘాలవాళ్లు శక్తికి మించి ఇచ్చిన సంగతి వాళ్లకు గుర్తుచేశాడు. మాసిదోనియవాళ్లు ఎంత ఇచ్చారన్న లెక్క మాత్రం ఎక్కడా రాయలేదు. ఆయనకు కావలసింది మొత్తం కాదు, మనిషి లోపల విచ్చుకోవడం.

ఇప్పుడు మందిరం గుమ్మం దగ్గర కూడా ఫోన్‌పే స్కానరు వచ్చింది. కొత్తగూడెంలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు దానిలోనే పంపుతున్నారు. మంచిదే, మందిరం రేకులు మారాయి. కానీ స్కానరు నెలకోసారి గుర్తొస్తుంది, అదీ జీతం పడ్డాక. బియ్యపు డబ్బా ఆకలేసిన ప్రతిసారీ గుర్తుచేస్తుంది. కడుపు తన మాట చెప్పే వేళకే ఇంకో కడుపు గుర్తొచ్చేలా కూర్చిన సాధన అది. గ్యాసు పొయ్యి వచ్చినా, కుక్కరు వచ్చినా దాన్ని వదలొద్దని నేను మా ఇంట్లో పోరుతుంటాను.

ఈ మధ్య స్త్రీల కూడికలో పెద్ద చర్చే జరిగింది. ఒకప్పుడు కొనుక్కున్న సన్నబియ్యం ఇంట్లో వండుకుని, రేషన్లో వచ్చిన దొడ్డుబియ్యం దేవుడి డబ్బాలో వేసేవాళ్లు కొందరు ఉండేవారు. అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్లోనే మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దాంతో ఆ తేడా పోయింది. కానీ మంచి బియ్యమయ్యేసరికి గంపలోకి వచ్చేది తగ్గింది. ఒకామె లేచి, "దొడ్డుబియ్యం ఉన్నప్పుడు నిండుగా పోసినం, సన్నబియ్యం రాంగనే గుప్పెట మూసినం. మనకు నచ్చనిదే ఇన్నాళ్లూ ఇచ్చినమా అక్కా?" అని అడిగింది. ఎవరూ ఆమె మీద కోపపడలేదు. గంటసేపు మాట్లాడుకున్నాక రెండు సంగతులు ఒప్పుకున్నారు. ఇంట్లో ఆ పూట ఏ బియ్యం పొయ్యి మీదికి వెళ్తే అందులోంచే తీయాలి. వచ్చిన బియ్యంలో సగం, ఏ మందిరానికి పోయినా ఏ గుడికి పోయినా, అసలు ఎక్కడికీ పోకపోయినా, మంచం పట్టి వండుకోలేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లాలి. మొదటి ఆదివారం ప్రభు భోజనం అయిన వెంటనే నలుగురు ఆడవాళ్లు సంచులు పట్టుకుని బయల్దేరారు. వాళ్ల పట్టికలో మొదటి ఇల్లు, మా సంఘం నుంచి తగాదా పడి విడిపోయినవాళ్ల మందిరం పక్కనే ఉంది.