పదహారు గళ్ళలో ప్రపంచ లిపులు

లినక్స్ ఉన్న చాలా కంప్యూటర్లు ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో ఎంచుకోమని ఒక మెనూ వస్తుంది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో తెలుగో జపనీసో టైపు చేస్తే అంచులు మెట్లు మెట్లుగా ఉన్న గరుకు అక్షరాలు కనిపిస్తాయి. ఈ రెండుచోట్లా పనిచేసేది ఒకే ఫాంటు: గ్నూ యూనిఫాంట్. అందం చూసి దాన్ని ఎవరూ ఎంచుకోరు. అయినా పాతికేళ్ళకు పైగా, ఎక్కువగా జీతం భత్యం లేని స్వచ్ఛంద శ్రమతోనే అది పెరుగుతూ వచ్చింది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యనిచ్చే యూనికోడ్‌లో చోటు దొరికిన లిపి తెరమీద ఖాళీ డబ్బాగా మిగలకూడదన్నదే దాని పంతం.

1998లో రోమన్ చిబోరా దీన్ని మొదలుపెట్టాడు. లిపులన్నిటినీ ఒక్క మనిషి గీయలేడు. అందుకే పనిని ఎవరైనా పంచుకోగలిగేంత చిన్న ముక్కలు చేశాడు. ప్రతి అక్షరానికీ 16 వరుసల గళ్ళ చట్రం. సన్నని అక్షరానికి వరుసకు 8 గళ్ళు, వెడల్పాటిదానికి 16. ఒక్కో గడి నలుపో తెలుపో కావాలి, మధ్యరకం లేదు. ఆ చట్రాన్ని మామూలు టెక్స్ట్ ఫైల్లో అక్షరానికి ఒక్క పంక్తిగా రాసిపెట్టాడు. పంక్తి మొదట్లో ఆ అక్షరపు యూనికోడ్ సంఖ్య, ఆ తరవాత బొమ్మను చెప్పే 32 లేదా 64 హెక్సాడెసిమల్ అంకెలు.

ఇంగ్లీషు పెద్ద ‘ఏ’నే చూడండి. మొదటి నాలుగు వరుసలూ 00, అంటే ఖాళీ. అయిదో వరుస 18. దాన్ని ఒకట్లూ సున్నాలుగా విడదీస్తే 00011000 అవుతుంది. ఒకటి ఉన్నచోట నలుపు కాబట్టి నడిమి రెండు గళ్ళు నిండి, అక్షరం కొస తేలుతుంది. తరవాతి రెండు వరుసలు 24, అంటే 00100100. కాళ్ళు విడివడ్డాయి. ఆపై 42, అంటే 01000010. ఇంకా దూరం జరిగాయి. నడుమ ఒక వరుసలో ఆరు గళ్ళు వరసగా నిండితే అడ్డగీత వచ్చింది. చివరి రెండు వరుసలు మళ్ళీ ఖాళీ.

ఈ పద్ధతిలో అక్షరాన్ని సరిచేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆ పంక్తిని కీబోర్డు గుర్తుల బొమ్మగా విప్పి, దిద్దాక మళ్ళీ అంకెలుగా మార్చే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. దిద్దిన పంక్తిని ఒక ఈమెయిల్లో పంపవచ్చు. పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటో కళ్ళముందే ఉంటుంది. తరవాత పాల్ హార్డీ యూనిఫాంట్ పగ్గాలు చేపట్టి, 256 అక్షరాలను ఒకే పుటగా చూసి దిద్దుకునే సాధనాలు రాశాడు. 2008లో యూనికోడ్ సంఖ్యల మొదటి విభాగంలోని, తెరమీద కనిపించే అక్షరాలకు రూపాలు పూర్తయ్యాయి. 2013లో యూనిఫాంట్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు చెందిన గ్నూ ప్రాజెక్టులో చేరింది.

ఒక్కో లిపి ఒక్కో తెలివిని అడిగింది. చైనీస్‌లో వేల అక్షరాలు. 2004లో ఛియాన్‌ఛియాన్ ఫాంగ్ మొదలుపెట్టిన వెన్‌చ్వాన్‌యీ ప్రాజెక్టులో వలంటీర్లు వాటిని గళ్ళలో గీశారు, యూనిఫాంట్ ఆ పనిని అందుకుంది. 16 వరుసల్లో ఒక గీత, ఒక ఖాళీ చొప్పున పెడితే ఎనిమిది అడ్డగీతలకు మించి పట్టవు. అంతకన్నా జటిలమైన అక్షరంలో ఏ గీత వదిలినా చదువరి గుర్తుపడతాడో తెలిసి వదలాలి. కొరియన్‌లో 19 ఆది హల్లులు, 21 అచ్చులు, 27 అంత్య హల్లులు (అంత్య హల్లు లేనివీ లెక్కేసి) కలిసి 11,172 అక్షరాలవుతాయి. అన్నీ విడివిడిగా గీయకుండా ఆది హల్లుకు ఆరు రూపాలు, అచ్చుకు మూడు, అంత్య హల్లుకు ఒకటి గీసి, మిగతా కూర్పు ప్రోగ్రాముకు వదిలేశారు.

తెలుగు దగ్గరికొస్తే ఈ చట్రం బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింది చిన్న గీత, ‘ధ’కూ ‘థ’కూ తేడా పొట్టలో చుక్క. పదహారు గళ్ళలో ఆ చుక్క ఒక్క గడి తప్పినా అక్షరమే మారిపోతుంది. అంత ఇరుకులోనూ అక్షరాలు విడివిడిగా బాగానే కుదిరాయి. చిక్కల్లా కలయికలోనే. యూనిఫాంట్‌లో ఒక సంఖ్యకు ఒకే బొమ్మ. మనం ‘స్త్రీ’ అని రాస్తే లోపల సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం అని ఆరు సంఖ్యలుంటాయి. తలకట్టు తీసి గుడిదీర్ఘం పెట్టడం, తవత్తునూ రవత్తునూ కిందికి చేర్చడం దాని పని కాదు. ఆ కలయిక సూత్రాలు రేఖారూప (అవుట్‌లైన్) ఫాంట్లలో ఉంటాయి. వాటిని అమలు చేసే హార్ఫ్‌బజ్ వంటి ప్రోగ్రాములు కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

మన భాషకు అలాంటి ఫాంట్లు చేసినవాళ్ళున్నారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను రూపొందించి ఉచితంగా అందించారు. సిలికానాంధ్ర సంస్థ ‘మండలి’, ‘సూరన్న’, ‘ధూర్జటి’, ‘గురజాడ’ వంటి ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదల చేసింది. ఆ లైసెన్స్ ప్రకారం ఎవరైనా ఫాంటును వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. మార్చినదాన్ని మళ్ళీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఇటువంటి అనుమతి ఉండబట్టే ఒకరి ఇంగ్లీషు అక్షరాలు ఇంకొకరి తెలుగు ఫాంటులో చేరగలిగాయి. యూనిఫాంట్‌కు మొదట గ్నూ లైసెన్స్ ఒక్కటే ఉండేది. తరవాత ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కూడా చేర్చారు.

అందమైన ఫాంట్లు ఇన్ని ఉన్నాక గరుకు యూనిఫాంట్ ఎందుకని అడగవచ్చు. పాత తెలుగులోని నకారపొల్లు 2021లోనే యూనికోడ్‌కెక్కింది. ఇలాంటి కొత్త చేర్పు మామూలు ఫాంట్లకు చేరడానికి ఏళ్ళు పట్టవచ్చు. యూనిఫాంట్‌కు మాత్రం ఒక పంక్తి రాస్తే చాలు. కొద్దిమందే మాట్లాడే భాషలకు, శాసనాల్లో తప్ప కనిపించని లిపులకు వ్యాపారి పెట్టుబడి పెట్టడం అరుదు. వాటికి పెద్ద దిక్కు ఇలాంటి వలంటీర్లే.

తెలుగు చదవగల ప్రతివారూ ఇందులో చేయి వేయవచ్చు. మీరు వాడే ఫాంటులో లక్ష్మి, రాష్ట్రం, హ్రస్వం, ౘ, ౙ, నకారపొల్లు టైపు చేసి చూడండి. ఎక్కడైనా వత్తు విరిగితే ఫాంటు మార్చేసి ఊరుకోకండి. ఆ పదాన్నీ తెర బొమ్మనూ ఆ ఫాంటు నిర్వాహకులకు పంపండి. వత్తు ఎక్కడ కూర్చోవాలో వాళ్ళకు చెప్పవలసింది తెలుగు చదివేవాళ్ళే.