మొహం గీయని చెయ్యి

ఫ్లెక్సీలు రాకముందు, హైదరాబాద్ గౌలిగూడలో జిల్లా బస్సు దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిచేవాళ్లకు సినిమా హోర్డింగుల మీది మొహాలే పట్నాన్ని పరిచయం చేసేవి. ఒక్కో మొహం గదంత ఉండేది. ఆ మొహాలు గీసే పనిలో కూడు పెట్టేది పోలికే. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, వాటినే రేకు మీద పెంచుకుంటూ పోవాలి. పరంజా మీద ఉన్నవాడికి వెనక్కి జరిగి బొమ్మంతా చూసుకునే వీలుండదు. మణికట్టుతో కాదు, భుజంతో గీత లాగాలి. ఆ గీత తడబడకూడదు.

1930లలో బొంబాయిలో ఇలా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న యువకుడు మక్బూల్ ఫిదా హుసేన్. మొహాలు గీసి బతికిన ఆ చెయ్యి తర్వాత ఎన్నో బొమ్మల్లో ఆడవాళ్ల మొహాన్ని ఖాళీగా వదిలేసింది.

హుసేన్ 1915లో పంఢర్‌పూర్‌లో పుట్టారు. ఏడాదిన్నర వయసులోనే తల్లి జైనబ్ పోయింది. ఆమెది ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. తండ్రి ఇండోర్‌లో మిల్లు ఉద్యోగి, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లవాణ్ణి దగ్గరకు తీసిన తాత అబ్దుల్ కూడా ఎక్కువ కాలం బతకలేదు. హుసేన్ బొమ్మల్లో మాటిమాటికీ కనిపించే లాంతరు, గొడుగు ఆ తాత జ్ఞాపకాల్లోవే. 1967లో హుసేన్ తీసిన, బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ అందుకున్న చిన్న సినిమాలోనూ అవి ఉన్నాయి. తాత వస్తువులు గుర్తున్నాయి కాబట్టి గీశారు. అమ్మ మొహం గుర్తులేదు. ఏదో ఒక మొహం కల్పించి అమ్మ అనడం ఆయనకు చేతకాలేదు. ఈ నిజాయితీయే నాకు ఆయన కళలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

అయితే దుఃఖం ఒక్కటే బొమ్మ కాదు. మొహం తీసేస్తే ఆ బరువు ఇంకేదో మోయాలి. 1948లో ఢిల్లీలో జరిగిన ప్రదర్శనలో గుప్తుల కాలపు శిల్పాలూ, పహాడీ శైలి బసోలీ చిత్రాలూ హుసేన్‌ను కుదిపేశాయి. శిల్పం నుంచి దేహపు వంపు, బసోలీ నుంచి నీడల సాయం అక్కర్లేని చిక్కటి రంగు తీసుకున్నారు. హోర్డింగు నేర్పిన భుజం గీత ఎటూ ఉంది. 1980 ప్రాంతంలో మొదలైన మదర్ థెరెసా వరుసలో ఈ మూడూ కలిశాయి. నీలి అంచు తెల్లచీర ముసుగు లోపల చీకటి. ఒళ్లో పిల్లవాడు. మాట్లాడాల్సిందంతా చేతులూ చీర మడతలే మాట్లాడతాయి. ఆ చీకట్లో ఎవరి తల్లిని వాళ్లు చూసుకోవచ్చు.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష అంతకుముందే జరిగింది, హైదరాబాద్ దగ్గరే. ఇక్కడి నుంచి 'కల్పన' అనే హిందీ పత్రిక నడిపిన సోషలిస్టు బద్రీవిశాల్ పిత్తీ హుసేన్‌కు అండగా నిలిచారు. పెద్దింటి గోడలు వదిలి రామాయణం గీయమని సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా అడిగారు. చేతిలో డబ్బు లేని రోజుల్లో, వాల్మీకినీ తులసీదాసునూ చదివి, కాశీ పండితులతో చర్చించి, ఎనిమిదేళ్లలో 150 దాకా చిత్రాలు వేశారు హుసేన్. వాటిని ఎడ్లబండ్ల మీద చుట్టుపక్కల ఊళ్లకు తీసుకెళ్లి పరిచారు. రాముడికి కన్నేదని అక్కడ ఒక్కరూ అడగలేదని, పట్నంలో అయితే తప్పక అడిగేవారని ఆయనే చెప్పుకున్నారు.

ఎలా అడుగుతారు? తెలంగాణ పల్లెకు బొమ్మతో కథ వినడం పుట్టుకతో వచ్చిన విద్య. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద వేసే చేర్యాల నకాషీ పటాలు బారెడు బారెడుగా విప్పుతుంటే, కూనపులివాళ్లు పద్మశాలీలకు కులపురాణం చెప్పేవారు. ఆ పటాల్లో కళ్లు పెద్దవి, నిజమే. కానీ పాత్రను పట్టించేది ఒంటి రంగు, నిలబడ్డ తీరు, చేతిలోని వస్తువు. మిగతాది కథకుడి గొంతు పూరిస్తుంది. హుసేన్ ఖాళీని ఆ ఊళ్లవాళ్లు అలాగే పూరించుకున్నారు. ఆ రామాయణాన్ని బండ్ల మీద ఊరూరా తిప్పిన మనిషి, దేవతల బొమ్మల మీద పెట్టిన కేసుల మధ్య 2006లో దేశం విడిచి, 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎక్కడైనా హుసేన్ తల్లి బొమ్మ ఎదురైతే మొహం వెతకకండి. ముందు చేతులు చూడండి. వేళ్లు పిల్లవాణ్ణి ఎక్కడ పట్టుకున్నాయో, గీత ఎక్కడ లావై ఎక్కడ సన్నబడిందో చూశాక, చీర కొంగు వెంట నెమ్మదిగా పైకి వెళ్లండి.