ఆ రాత్రి ఎక్కడున్నావ్?

నేరం జరిగిన సమయానికి తాను మరోచోట ఉన్నానని చూపే రుజువును ఇంగ్లీషులో ‘అలిబై’ అంటారు. అదే పేరుతో 1929లో అమెరికాలో రోలండ్ వెస్ట్ ఒక సినిమా తీశాడు. అప్పటికి మన తెలుగు టాకీ ఇంకా పుట్టలేదు. ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది 1932లో. సినిమాకు కొత్తగా గొంతు వచ్చిన ఆ రోజుల్లో వెస్ట్ శబ్దాన్ని సంభాషణలకే వాడలేదు. జైలు గంట, లాఠీ చప్పుడు, వరుసగా నడిచే ఖైదీల అడుగుల మోత, వీటితోనే కథ ఎత్తుకున్నాడు. గోడల మీద నీడలతో భయాన్ని చూపించే పద్ధతిని జర్మన్ సినిమాల నుంచి తెచ్చుకున్నాడు. ఈ పనితనాన్ని మేము మెచ్చుకుంటాం.

ఇక కథ. చిక్ విలియమ్స్ జైలు నుంచి విడుదలవుతాడు. ఒక పోలీసు సార్జెంటు కూతురు జోన్ అతణ్ణి నమ్మి పెళ్ళాడుతుంది. ఒక గోదాములో దొంగతనం జరిగి, పోలీసు ఒకడు చనిపోతాడు. అనుమానం చిక్ మీదే. ఆ రాత్రి ఇద్దరం నాటకంలో ఉన్నామని జోన్ చెబుతుంది. ఆమెతో పాటు మనమూ నమ్ముతాం. నాటకం విరామంలో వెళ్ళి అతను ఆ పని చేసి వచ్చాడని తర్వాత తెలుస్తుంది.

మా పేచీ ఇక్కడే. మధ్యలో పోలీసులు ముఠాలో ఒకణ్ణి గదిలో కూర్చోబెట్టి, తుపాకి చూపించి నోరు విప్పిస్తారు. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చివరికి చిక్ నేరస్థుడని తేలేసరికి ఆ తుపాకీ న్యాయమే అనిపిస్తుంది. జైలుకెళ్ళినవాడు మారడన్న అనుమానమూ నిజమైపోతుంది.

ఆ అనుమానం కింద బతికిన జాతులు మనలో ఉన్నాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రాంతానికీ తెచ్చారు. ఎరుకల వారి పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. చిక్ ఒక్క రాత్రికి లెక్క చెబితే చాలు. వాళ్ళు ఏ నేరమూ చెయ్యకపోయినా ప్రతి రాత్రికీ లెక్క చెప్పాలి. 1952లో దేశమంతటా చట్టం రద్దయింది. ఊళ్ళో ఏదైనా పోతే ముందు తండా వైపు, ఎరుకల ఇళ్ళ వైపు చూసే చూపు మాత్రం మా విస్సన్నపేట వైపూ ఇంకా ఉంది.

ఉపాధ్యాయ మిత్రులు పెద్ద తరగతుల పిల్లలకు ఈ సినిమా చూపిస్తే, ఆ విచారణ గది దగ్గర ఆపి ఒక్క ప్రశ్న వెయ్యండి: ‘ఇతను ఏ తప్పూ చెయ్యలేదని తేలితే, ఈ తుపాకిని మనం ఏమనేవాళ్ళం?’