సుస్థిరాభివృద్ధి – ఉన్నత విద్య: హుస్సేన్‌సాగర్ నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

1987లో వెలువడిన బ్రంట్‌లాండ్ సంఘం నివేదికతో సుస్థిరాభివృద్ధి అనే భావన విస్తృత ప్రచారంలోకి వచ్చింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలలో నాలుగవది విద్యకు సంబంధించినది. మన దేశంలో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు పర్యావరణ విద్యకు పునాది వేసింది. అనంతరం యు.జి.సి. డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల ఉమ్మడి పాఠ్యప్రణాళికను రూపొందించింది. ఉన్నత విద్య ఈ విషయంలో ఏమి సాధించిందో చూడడానికి ఆ పాఠ్యప్రణాళికే తగిన గీటురాయి.

అందులో మొత్తం 50 బోధన గంటలు. క్షేత్ర పరిశీలనకు దక్కినవి 5 గంటలే. మార్కులు మాత్రం నూటికి 25. అంటే కాలంలో పదో వంతు, ఫలితంలో నాలుగో వంతు. ఐదు గంటలలో ఒక చెరువును అధ్యయనం చేయడం సాధ్యం కాదు. పావు వంతు మార్కులను వదులుకోవడమూ సాధ్యం కాదు. ఈ రెండింటి నడుమ పుట్టినదే సీనియర్ల నుండి జూనియర్లకు చేతులు మారే రికార్డు పుస్తకం. తరువాత పాఠ్యాంశాలు సవరణకు లోనైనా, ఈ అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

సికింద్రాబాద్ కళాశాలలకు క్షేత్రం దూరమేమీ కాదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మితమై, ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ పక్కనే ఉంది. అందులో కలిసే పికెట్ నాలా ఈ ఊరి మీదుగానే పారుతుంది. జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా ద్వారా దశాబ్దాలపాటు ఆ జలాశయానికి చేరాయి. అయినా మన విద్యార్థి జలకాలుష్యానికి నిర్వచనం రాయగలడు. తాను రోజూ దాటే నాలా ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చెప్పలేడు.

బోధన భారం, అధ్యాపకుల కొరత వాస్తవాలే. కానీ ఈ పనిని ఒక్క అధ్యాపకునికి వదిలివేయడమే అసలు లోపం. రసాయనశాస్త్ర విభాగం నీటిని పరీక్షించవచ్చు. చరిత్ర విభాగం పాత పటాలను పోల్చవచ్చు. అర్థశాస్త్ర విభాగం నాలా ఒడ్డు బస్తీలలో కుటుంబాలు వైద్యానికీ నీటికీ పెట్టే ఖర్చును లెక్కించవచ్చు. తెలుగు విభాగం అక్కడి వృద్ధుల జ్ఞాపకాలను నమోదు చేయవచ్చు. ఒక ఏడాది విద్యార్థులు వదిలిన చోట మరుసటి ఏడాది వారు అందుకుంటే, పదేళ్లలో ఒక నాలాకు సమగ్ర చరిత్ర సిద్ధమవుతుంది. దానిని తెలుగులో ప్రచురించి బస్తీవాసుల చేతికి అందించాలి. అప్పుడే ఆ 25 మార్కులకు అర్థం ఏర్పడుతుంది.

సుస్థిరాభివృద్ధిలో ఉన్నత విద్య పాత్రను సదస్సుల సంఖ్యతో కాక, కళాశాల తన పరిసరాల గురించి కొత్తగా తెలుసుకున్నదేమిటో, దానిని ఎవరికి తిరిగి అందించిందో చూసి నిర్ణయించాలి.