నడిచి చూసిన నగరం: యాత్రారచనలో దృక్పథం

సెలవులు వచ్చాయంటే మన పత్రికల్లో యాత్రావ్యాసాలు పెరుగుతాయి. సంతోషించవలసిన విషయమే. రచయిత గది వదిలి ఊళ్లు తిరగటం సాహిత్యానికి మేలు చేస్తుంది. అయితే అతను ఏం చూసి వచ్చాడన్నది ఎంత ముఖ్యమో, ఎవరి పక్కన నిలబడి చూశాడన్నది అంతకంటే ముఖ్యం. ప్రాచీన నగరాల విషయంలో ఈ రెండో ప్రశ్న తప్పించుకోలేనిది. శిథిలం తనంతట తాను మాట్లాడదు. దాని చేత ఎవరో మాట్లాడిస్తారు. ఆ మాటలు ఎవరివన్నదే విమర్శ తేల్చవలసిన సంగతి.

ఉత్తరాంధ్రలో ఈ పరీక్షకు తగిన చోటు శ్రీముఖలింగం. శ్రీకాకుళానికి సుమారు 45 కిలోమీటర్ల దూరాన, వంశధార ఒడ్డున ఉన్న ఈ పల్లె ఒకప్పటి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. ఊరి మొదట్లో సోమేశ్వరాలయం, నడుమ మధుకేశ్వరాలయం, ఆ దగ్గరలోనే భీమేశ్వరాలయం. పొరుగున నగరికటకం అనే గ్రామం. దాని పేరులో నగరమూ ఉంది, కటకమూ ఉంది. కాళ్ల కింద ఉన్నవి మాత్రం పొలాలు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగు కాలంలో, 12వ శతాబ్దిలో, రాజధాని ఇప్పటి ఒడిశాలోని కటకానికి తరలింది. ఆస్థానం వెళ్లిపోయింది. దున్నేవాళ్లు ఉండిపోయారు. యాత్రారచయిత ముందున్న సమస్య ఇదే: వెళ్లిపోయినవాళ్లను గురించి రాయాలా, ఉండిపోయినవాళ్లను గురించి రాయాలా?

మనకు వస్తున్న వ్యాసాలు మూడు రకాలు. మొదటిది మార్గదర్శి రకం. బస్సు ఎక్కడ దొరుకుతుంది, శిల్పాలు ఎంత బాగున్నాయి, స్థలపురాణం ఏమంటుంది అన్నంత వరకే దాని పరిధి. రెండోది విలాప రకం. కూలిన గోడ కనబడగానే గతవైభవం తలచుకుని కన్నీరు పెట్టటం దీని లక్షణం. ఆ వైభవం ఎవరిదో, దానికి పన్ను కట్టింది ఎవరో ఈ కన్నీటికి పట్టదు. మూడోది మన శిబిరంలోనే ఎక్కువ. ప్రతి రాతిలోనూ శ్రామికుడి చెమట చూశానని రాసి, ఆ రాతి మీద ఉన్న అక్షరం మాత్రం చదవకుండా తిరిగి రావటం. శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో వేసిన ప్రశ్న గొప్పది. కాని ప్రశ్నను వల్లించటం జవాబు వెతకటం కాదు. నినాదం రచయితకు దారి చూపాలి గాని, అతని బదులు నడవకూడదు.

నడక అన్న మాటను కూడా కొంచెం పరీక్షించాలి. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగు ప్రయాణంలో శ్రీకాకుళం, విజయనగరం మీదుగానే వచ్చాడు. ఆయన ప్రయాణం పల్లకీలో. దారిపొడవునా నడిచింది బోయీలు. అయినా 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' ఈనాటి అనేక యాత్రావ్యాసాలకంటే విలువైనది. దారులూ మజిలీలూ, దొరికే సరుకులూ, జనం ఆచారాలూ, కుంపిణీ పాలన తీరూ ఆయన ఓపికగా రాసుకున్నాడు. పల్లకీలో కూర్చున్నవాడు కూడా కళ్లు తెరిస్తే ఇంత చూడగలడు. కాలినడకన తిరిగి కూడా రాజుల పేర్లు తప్ప మరేమీ చూడనివాడు మనసులో పల్లకీ దిగనట్టే లెక్క.

మరి ముఖలింగంలో చూడవలసింది ఏమిటి? మొట్టమొదట శాసనాలు. అక్కడి ఆలయ శాసనాలు సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్నాయి. వాటిలో అఖండదీపాలకు ఇచ్చిన దానాలు కనిపిస్తాయి. యాత్రికుడు దాత పేరు చూసి భక్తిని మెచ్చుకుంటాడు. అసలు దీపం ఎలా వెలుగుతుందో అడగడు. ద్రాక్షారామం వంటి చోట్ల దీపదాన శాసనాలు ఆ ఏర్పాటును స్పష్టంగానే చెప్తాయి. దాత కొన్ని ఆవులనో గొర్రెలనో ఇస్తాడు. వాటిని ఒక కాపరి తీసుకుంటాడు. తీసుకున్నందుకు రోజూ ఇంత నెయ్యి అని కొలిచి గుడికి పొయ్యాలి. అతని తరవాత కొడుకులు, ఆ తరవాత మనుమలు పొయ్యాలి. శాసనం చివర 'ఆచంద్రార్కం' అని ఉంటుంది. దాతకు అది సూర్యచంద్రులు ఉన్నంతకాలం పుణ్యం. కాపరికి అంతకాలమూ బాధ్యత. మందలో రోగం పడినా, వాన లేక గడ్డి ఎండినా దీపం ఆరకూడదు. ఒకే మాట ఇద్దరికి రెండు అర్థాలు ఇస్తున్నది. ఆ రెండో అర్థాన్ని పట్టుకోవటమే చరిత్రను కిందినుంచి చదవటం. ఇందుకు కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. శాసనాన్ని చివరిదాకా చదివితే చాలు.

రెండోది స్థలపురాణం. దాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చటం తేలిక. కాని ముఖలింగం కథలో ఆలోచించవలసిన అంశం ఉంది. 'మధుకం' అంటే ఇప్పచెట్టు. శబర నాయకుడి ఇద్దరు భార్యలు ఇప్పపూల కోసం తగవులాడుకోగా, అతడు చెట్టు నరకబోతే దేవుడు అందులో ముఖం చూపించాడని కథ. పురాణం ఇక్కడితో ఆగలేదు. ఆ శబరులు నిజానికి శాపం తగిలిన గంధర్వులని చెప్పింది. ఎందుకు చెప్పింది? గిరిజనుడి చెట్టులో పుట్టిన దేవుణ్ణి రాజధాని దేవుడిగా కొలవాలంటే, ఆ గిరిజనుణ్ణి ముందు గంధర్వుణ్ణి చెయ్యవలసివచ్చింది. గుడి జనానిదై ఉండగా ఎవరి చేతుల్లోకి పోయిందో ఈ చిన్న కల్పన బయటపెడుతున్నది. లింగం వెనుక ఉన్న పెద్ద గోళెం ఒక కుమ్మరి మొక్కు అని జనం చెప్పుకుంటారు. రాజుల ప్రశస్తిలో కుమ్మరికి చోటుండదు. జనం నోట మాత్రం అతను నేటికీ బతికే ఉన్నాడు.

శాసనాన్నీ జనం నోటి మాటనూ రెండింటినీ చదివినవాడు మనకు ఒకడున్నాడు. ఆయన గిడుగు రామమూర్తి. 1863లో వంశధార తీరాన పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ ముఖలింగం శాసనాలు చదివాడు. ముఖలింగమే కళింగనగరమని వాదించినవాడు ఆయన. కళింగపట్నానికి దగ్గరలో, అదే వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధస్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. అయితే రాజుల శాసనాల దగ్గరే ఆగిపోలేదు. శబరుల పల్లెలకు పోయి, వాళ్ల భాష నేర్చి, వాళ్ల పిల్లలకు బడులు పెట్టించాడు. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చువేశాడు. మన్యం జ్వరానికి మింగిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని ఆయన చరిత్రకారులు చెప్తారు. పురాణం గంధర్వులుగా మార్చితే తప్ప ఒప్పుకోలేని మనుషులను ఆయన మనుషులుగానే ఒప్పుకున్నాడు.

గిడుగుకు విజయనగరంలో సహాధ్యాయి గురజాడ. ఆయన కూడా సంస్థానంలో శాసన పరిశోధన చేసినవాడే. వాడుకభాష కోసం పోరాడిన ఈ ఇద్దరూ పాత రాళ్లు చదివినవాళ్లు కావటం యాదృచ్ఛికమని నేననుకోను. భాష మారుతుందని, నిన్నటి వాడుకే నేటి గ్రాంథికమని, రాతి మీద అక్షరాలను వరసగా చూసినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. గతాన్ని నిజంగా చదివినవాడు గతానికి బానిస కాడు. గతాన్ని దూరంనుంచి పూజించేవాడే దానికి బానిస అవుతాడు.

చరిత్రకారుల్లో కోశాంబి ఈ పద్ధతినే శాస్త్రంగా మలిచాడు. పూనా చుట్టుపక్కల కొండల్లో, పల్లెల్లో కాలినడకన తిరిగి, జనం కొలిచే దేవతలనూ పాత బాటలనూ దగ్గర పెట్టి చూశాడు. గ్రంథాలయంలో దొరకని సాక్ష్యం పొలం గట్టు మీద దొరుకుతుందని నిరూపించాడు. గిడుగు దారి కూడా అటువంటిదే. మనం ఆయనను భాషోద్యమానికి పరిమితం చేసి, నడిచిన గిడుగును మరచిపోయాం.

కనుక యాత్రారచన చేయదలచిన యువ రచయితలు రెండు పనులు చెయ్యాలి. బయలుదేరేముందు ఆ ఊరి శాసనాలు చదవాలి. దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో ముఖలింగం శాసనాలు అచ్చయి ఉన్నాయి. ఊరు చేరాక గుడి చుట్టూ తిరిగి ఊరుకోక, నగరికటకం పొలాల్లోకీ నదిరేవుకీ నడవాలి. మహాశివరాత్రి తరవాత చక్రతీర్థానికి వంశధారలో దిగే వేలాది జనంలో రెండు రాష్ట్రాల రైతులూ కూలీలూ ఉంటారు. ఈ జిల్లానుంచి పని వెతుక్కుంటూ దూరనగరాలకు వలసపోయేవాళ్ల ఊళ్లు చుట్టూ ఉన్నాయి. ఒకప్పుడు రాజధాని వలసపోయింది, ఇప్పుడు పనిచేసే చేతులు పోతున్నాయి. మొదటి వలసను గురించి మన దగ్గర చాలా పేజీలున్నాయి. రెండోదాన్ని దానితో కలిపి చూసిన యాత్రారచన ఇంకా రావలసే ఉంది. నగరం చూడటానికి పోయి మనుషులను చూసి వచ్చినవాడే దాన్ని రాయగలడు.